బలం సూది

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం,
నల్లరాళ్ళపాడు, మాచర్ల దగ్గర
9 సెప్టెంబర్ 2024

గౌరవనీయులు పీర్ సాహెబ్ గారికి,

నా పేరు హిమజ. మాది పెదకూరపాడు. జూన్ నుంచి ఇక్కడ డాక్టరుగా పనిచేస్తున్నాను. మీరు నన్ను చూడలేదు గాని, నేను మీ పేరు రోజుకు పదిసార్లు వింటున్నాను. మీరు ఈ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు కాంపౌండరుగా చేసి, రిటైరై అయిదేళ్ళయిందట. ఫోన్ చేద్దామంటే మీకు చెవులు వినపడవని నర్సు రోహిణి చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. స్కూల్లో లీవ్ లెటర్ తర్వాత చేత్తో ఉత్తరం రాస్తున్నది ఇదేనేమో, దస్తూరి బాగోకపోతే క్షమించండి.

సూటిగా అడుగుతాను. ఈ ఊరికి మీరు ఏం అలవాటు చేసి వెళ్ళారు?

జ్వరమని వచ్చినాయనకి మాత్ర రాస్తే, "మాత్రలు మా ఇంటో కూడా ఉన్నయ్యమ్మా, సూది ఎయ్" అంటాడు. నీరసం అన్నవాళ్ళకు సెలైన్ ఎక్కించాలి. జలుబుకు యాంటీబయాటిక్ అక్కర్లేదంటే ఆ తల్లి నా వంక అనుమానంగా చూస్తుంది. జ్వరం తగ్గి నాలుగు రోజులైనా బిడ్డకు స్నానం చేయించరు, పెరుగు పెట్టరు. ఇవన్నీ తప్పని ఓపిగ్గా చెబుతాను. అందరూ తలలూపుతారు. ఊపి, పక్క ఊళ్ళో సూదులేసే అతని దగ్గరికి పోతారు. నేను వచ్చినప్పుడు రోజుకు ఎనభై మంది రోగులు. ఇప్పుడు పాతిక. పన్నెండు కొట్టేసరికి వరండా ఖాళీ. నేనూ, రోగులు కూర్చునే బల్లా మిగులుతాం.

ఇంకొకటి. కోటమ్మ అనే ఆమె ప్రతి వారం వస్తుంది. అరవై రెండేళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు, రక్తం సరిపడా ఉంది. మోకాళ్ళు మాత్రం అరిగాయి. "సాయిబన్న ఏసే బలం సూది" కావాలంటుంది. మీ తర్వాత వచ్చినవాళ్ళు బి-కాంప్లెక్స్ వేస్తూ వచ్చారట. అది కాదు, సాయిబన్న సూది వేరేగా ఉండేదంటుంది. ఏం వేసేవారు మీరు? చీటీలో ఎక్కడా రాసి లేదు.

ఇట్లు,
హిమజ

*

బరంపేట, నరసరావుపేట
20 సెప్టెంబర్ 2024

డాక్టరమ్మ గారికి పీర్ సాహెబ్ నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు కోపంగా రాశారు. అయినా నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చెవులు పోయాక నాతో ఇంత పొడుగ్గా మాట్లాడినవారు లేరు. మా తమ్ముడు అబ్దుల్ రహీమ్ ఇంట్లో ఉంటున్నాను. మంచివాళ్ళు, వేళకు అన్నం పెడతారు. అందరూ కూర్చుని నవ్వుతుంటారు. ఎందుకని అడిగితే, "ఏం లేదులే అన్నా" అన్నట్టు చెయ్యి ఊపుతారు. చెవి మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది తప్ప మాట వినపడదు.

మీరు చదువుకున్నవారు, మీకు చెప్పేంతటివాణ్ణి కాను. అలవాట్ల సంగతి అడిగారు కనుక రాస్తున్నాను. వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నాడి చూడాల్సిన అవసరం లేకపోయినా పట్టుకోండి. సూది అడిగేది సూది కోసమే కాదు, ఒకరు దగ్గరికి వచ్చి తమను ముట్టుకుంటారని. "వైరస్ జ్వరం, దానంతటదే పోతుంది" అంటే మీరేమీ చెయ్యనట్టే వాళ్ళకు. "మూడు రోజులు జావ తాగు, నాలుగో రోజు గోరువెచ్చని నీళ్ళు పోసుకో, పోసుకోగానే ఒళ్ళు తుడుచుకో" అని చెప్పి చూడండి. అప్పుడు స్నానం కూడా మీరు రాసిన మందు అవుతుంది. పెరుగు వద్దంటే మజ్జిగ చెప్పండి. పసుపు పెట్టుకొచ్చిన పుండును చూసి తిట్టకండి. కడిగి, మన మందు రాయండి.

కోటమ్మకు వేసింది బి-కాంప్లెక్సే. వేరే ఏం ఉంటుంది? అప్పట్లో వచ్చే మందు కంపెనీ వేరేమో. ఆమె ఒంటరి మనిషి. ఆ ఒక్కటీ కాదనకండి. మిగతా ఊరంతటికీ సూదులు మానిపించండి, ఆమెకు మాత్రం వెయ్యండి.

మీ విధేయుడు,
పీర్ సాహెబ్

*

నల్లరాళ్ళపాడు
28 అక్టోబర్ 2024

పీర్ సాహెబ్ గారికి,

మీరు చెప్పినట్టు చేశాను. మొదట సిగ్గేసింది, నటిస్తున్నట్టుగా. కాని చెయ్యి పట్టుకుంటే మనుషులు చెప్పేది వేరేగా ఉంటోంది. కడుపునొప్పి అని వచ్చినావిడ చెయ్యి వదిలేలోపు కోడలి సంగతంతా చెప్పింది. మందు కూడా నేను రాసిందే పట్టుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళ సంగతి అద్భుతంగా పనిచేసింది. ఇప్పుడు తల్లులే, "నాలుగో రోజు పోయొచ్చంటగా" అని అడుగుతున్నారు. ఓపీ యాభైకి వచ్చింది.

మీరు మీ ఇంటి సంగతి రాశారు కనుక నాదీ రాస్తాను. క్వార్టర్స్‌లో ఒక్కదాన్నే. సాయంత్రం రోహిణి బస్సెక్కి మాచర్ల వెళ్ళిపోయాక మాట్లాడటానికి ఎవరూ ఉండరు. మా అమ్మ ఫోన్ చేసి "తిన్నావా" అంటుంది, తిన్నానంటాను. రోజంతా ఊళ్ళోవాళ్ళ బాధలు వింటాను గదా, ఎవరైనా నన్నొక ప్రశ్న అడిగితే బాగుండుననిపిస్తుంది. ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ రాసి పెట్టుకున్నాను. పంపలేదు.

కోటమ్మ విషయంలో మాత్రం మీ మాట వినలేదు. అవసరం లేని సూది వెయ్యడం నాకు చేతకాదు. ఆమెకు మోకాళ్ళ వ్యాయామం చూపించాను. "కాళ్ళు లేపి దించటానికి ఆసుపత్రికి రావాలా? నువ్వు ఎయ్యకపోతే ఏసేవోళ్ళు లేరనుకున్నావా?" అని లేచి వెళ్ళిపోయింది. నెలయింది, రాలేదు. పోనివ్వండి.

హిమజ

*

బరంపేట
5 నవంబర్ 2024

డాక్టరమ్మా,

పోనివ్వకండి. ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళి చూడండి. హైస్కూలు దాటాక రెండో సందు, రేకుల ఇల్లు. ఆమె భర్త రాఘవయ్య పోయి పదేళ్ళు దాటింది. పిల్లలు లేరు. వారానికొకసారి ఆసుపత్రికి రావడమే ఆమె ఊళ్ళోకి రావడం.

నా మాటగా ఇంతకంటే రాయలేను. వెళ్ళండి.

మీ అర్జీ పంపకండి. ఇది నేను అడగకూడదు. అయినా అడుగుతున్నాను. ఈ రోజు ఏం వండుకున్నారు? ఎవరైనా ప్రశ్న అడిగితే బాగుండుననిపిస్తుందన్నారుగా, ఇదే నా ప్రశ్న.

పీర్ సాహెబ్

*

నల్లరాళ్ళపాడు
19 డిసెంబర్ 2024

సాహెబ్ బాబాయి గారికి,

ఇలా పిలవాలనిపించింది. కోప్పడరనుకుంటాను.

మీరు వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. పని ఉందనుకున్నాను. నిజం చెప్పాలంటే పంతం. నా మందు వద్దని వెళ్ళిన మనిషి దగ్గరికి నేనెందుకు వెళ్ళాలని.

పోయిన శుక్రవారం పదకొండు గంటలప్పుడు మిరపచేలో కూలీలు ఆమెను మంచంమీద మోసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులట. బీపీ డెబ్బై. ఒళ్ళు చల్లబడింది, షుగర్ పడిపోయింది. నేను మొదట ఆమెను గుర్తుపట్టలేదు. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. "ఈ మజ్జ ఒళ్ళు చేసింది, మంచిగుందనుకున్నామమ్మా" అంటున్నారు కూడా వచ్చిన ఆడవాళ్ళు.

చెయ్యి పట్టుకుని అడిగాను. "కోటమ్మా, సూదులు ఎక్కడ వేయించుకున్నావు?"

"పక్కూళ్ళోనమ్మా. కీళ్ళసూది. పొద్దున్నే ఏసుకోమని చిన్న తెల్ల మాత్రలు కూడా ఇచ్చాడు. నొప్పి చేత్తో తీసినట్టు పోయింది. వారమైంది, కొట్టుకి తాళమేసి యాడికో పోయాడు. మాత్రలయిపోయినయ్యి."

అవి స్టెరాయిడ్లు, బాబాయి గారూ. రెండు నెలలకు పైగా రోజూ మింగితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. ఒక్కసారిగా ఆపితే మనిషి ఇలాగే కూలిపోతుంది. అదృష్టవశాత్తు దానికి విరుగుడు ఆ మందే, అది మా అత్యవసర మందుల బీరువాలో ఉంది. సూది, సెలైన్, గ్లూకోజు అన్నీ నేనే పెట్టాను. సూది వెయ్యనని ఎవరిని పంపేశానో, ఆమెకే ఆ రోజు నాలుగు సూదులు వేశాను. అంబులెన్సులో మాచర్ల దాకా పక్కనే కూర్చున్నాను. దారిలో కళ్ళు తెరిచి, "సాయిబన్న సూది ఏసినంత కాలం నాకేం కాలేదు" అంది.

బతికింది. నిన్న ఇంటికి వచ్చింది. ఇక మాత్రలు నెమ్మదిగా తగ్గిస్తూ రోజూ నేనే వెళ్ళి చూస్తాను.

తప్పు ఆ సూదులతనిదే. కాని ఆమెను అక్కడికి పంపింది నేను. ఒకటి తీసేసుకుని దాని బదులు ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు నిజం చెప్పండి. ఏం వేసేవారు మీరు ఆమెకు?

హిమజ

*

బరంపేట
28 డిసెంబర్ 2024

అమ్మా హిమజా,

నీళ్ళు.

సూదిమందు పొడి కలపడానికి వచ్చే శుద్ధమైన నీళ్ళు. అయిదేళ్ళపాటు వారం వారం ఆమెకు అవే వేశాను. కొంచెం మండుతాయి. మండింది కనుక బలం ఉందనుకుంది. మొదటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను.

ఎందుకు వేశానో కూడా రాయాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2014 ఫిబ్రవరి. డాక్టరు గారు మీటింగుకని గుంటూరు వెళ్ళారు. పన్నెండు కావస్తోంది, వరండాలో ఎవరూ లేరు. రాఘవయ్య నడిచే వచ్చాడు. ఛాతీలో మంటన్నాడు. చెమటలు పట్టి ఉన్నాయి. ఎండలో నడిచొచ్చాడు కదా అనుకున్నాను. రాత్రి పకోడీలు తిన్నానన్నాడు. నాకు అంతే చాలింది. గ్యాస్ అన్నాను. గ్యాస్ సూది వేసి, గులాబీరంగు మందు తాగించి, అరగంట బల్లమీద కూర్చోబెట్టాను. తగ్గిందన్నాడు. ఇంటికి పంపాను. ఒంటిగంటకు వాళ్ళ గుమ్మంలో పడిపోయాడు.

గుండెనొప్పి కూడా మంటలాగే వస్తుందని నాకు తెలియక కాదు. డాక్టర్లు చెప్పగా ఎన్నోసార్లు విన్నాను. అరగంటలో మాచర్ల పంపి ఉండవచ్చు. ఆటో ఎదురుగానే ఉంది.

రోగుల రిజిస్టర్‌లో ఆయన పేరు అప్పటికి రాయలేదు. తరువాత కూడా రాయలేదు. ఆయన ఆసుపత్రికి వచ్చినట్టు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇంట్లోనే ఉన్నట్టుండి పోయాడనుకున్నారు.

నెల తిరక్కముందే కోటమ్మ వచ్చింది. "నిద్ర పట్టట్లా సాయిబన్నా, కాళ్ళు చేతులు పడిపోయినట్టున్నయ్యి, బలానికి ఏదన్నా ఇయ్యి" అంది. నా ముందు కూర్చుని ఏడ్చింది. సూది తీశాను. మళ్ళీ వారం వచ్చింది. ఆమె వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ప్రతిసారీ సూది వేశాను.

రిటైరయ్యాక ఆ ఊరు రాలేదు. చెవులు వినపడకపోవడం ఒక్కొక్కప్పుడు నాకు మంచిదే అనిపిస్తుంది.

ఆమెకు చెప్పాలా, వద్దా? నువ్వు డాక్టరువి, చెప్పు.

పీర్ సాహెబ్

*

నల్లరాళ్ళపాడు
6 ఫిబ్రవరి 2025

పీర్ సాహెబ్ గారికి,

మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రెండుసార్లు జవాబు రాసి చించేశాను. ఒకదానిలో మిమ్మల్ని తిట్టాను. రెండోదానిలో ఓదార్చాను. రెండూ నావి కావనిపించింది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మస్తాన్‌రావు అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్ళు, ట్రాక్టర్ తోలతాడు. "పైన మంటమ్మా, గ్యాసు" అన్నాడు. బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. నా చెయ్యి గ్యాస్ మాత్రల డబ్బా మీదికి పోయింది. నిజంగా పోయింది. అప్పుడు మీ ఉత్తరం గుర్తొచ్చి ఈసీజీ తీశాను. గుండెపోటు. అప్పటికప్పుడు ఇవ్వాల్సిన మాత్రలిచ్చి గుంటూరు పంపాను. బతికాడు. మీకు ఓదార్పుగా ఉంటుందని దీన్ని రాయడం లేదు. ఇంత చదివిన నా చెయ్యి కూడా అటే పోయిందని మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను.

సూదిలో ఉన్నది నీళ్ళని కోటమ్మకు నేను చెప్పాను. డాక్టరుగా అది నా పని. ఎందుకని అడిగింది. అది సాయిబన్నకే తెలుసన్నాను. మిగిలింది మీరు చెప్పాలి. ఉత్తరంలో కాదు, వచ్చి చెప్పండి. నేను పక్కన ఉంటాను.

హిమజ

*

నల్లరాళ్ళపాడు
2 మార్చి 2025

బాబాయి గారికి,

నిన్న మీరు అలా వెళ్ళిపోతే ఎలా? ఆటో వెనక వీధి చివరిదాకా పరిగెత్తాను. "ఆగండి" అని అరిచాను. మీకు వినపడదని అరిచాక గుర్తొచ్చింది.

మీరు చెప్పాల్సింది చెప్పారు. నిలబడే చెప్పారు, కోటమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆమె చేతులు ఎక్కడివక్కడ ఆగిపోవడం మీరూ చూశారు. తరువాత ఆమె గోడవైపు తిరిగిపోయింది. పెదవులు కనపడలేదు కనుక ఆమె ఏమీ అనలేదనుకుని, చేతులు జోడించి వెళ్ళిపోయారు. ఆమె మాట్లాడింది బాబాయి గారూ. గోడవైపు తిరిగి మీతోనే మాట్లాడింది. ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను.

"అయిదేళ్ళు నా చెయ్యి పట్టుకుని నా మొగంలోకి చూశావు సాయిబన్నా. ఆ సూది నాకేశావా, నీకేసుకున్నావా?"

అప్పటికి మీరు గుమ్మం దిగారు.

"ఆ రోజు తెల్లారకుండానే మిరపకోతకి పోయా. ఆయన నిద్రపోతన్నాడు. లేపలా. పెరుగన్నం మూతపెట్టి పోయా. మద్దాన్నం వచ్చి చూస్తే ఏముంది. ఆఖరిమాట లేదు నాకు. ఒంటరిగా పోయాడు, నోట్లో నీళ్ళు పోసినోళ్ళు కూడా లేరనుకున్నా. అయితే అరగంట నీ కాడ కూచున్నాడా? నీతో మాట్టాడాడా? ఏం మాట్టాడాడు? అది కూడా దాచుకున్నావా ఇన్నేళ్ళూ?"

తిరిగి చూసేసరికి మీరు లేరు. "పోయాడా? ఏం మాట్టాడాడో చెప్పకుండానే పోయాడా?" అని నన్ను అడిగింది. అప్పుడు ఏడ్చింది.

క్షమించిందా అని మీరు అడుగుతారు. లేదు. "మళ్ళీ ఈ గుమ్మం తొక్కమాకని చెప్పు" అంది. మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టి, "ఆయన ఏమన్నాడో మాత్రం రాసి పంపమను. నువ్వు చదివి ఇనిపిద్దువుగాని" అంది.

ఆమెకే రాయండి. నేను కలపను, తీసెయ్యను.

హిమజ

*

బరంపేట
7 మార్చి 2025

కోటమ్మకు,

చెల్లెమ్మా అని రాసి కొట్టేశాను. నువ్వు ఒప్పుకుంటేనే ఆ మాట.

నా గురించి ఏమీ రాయను. నువ్వు అడిగింది రాస్తాను.

రాఘవయ్య ఆకుపచ్చ గళ్ళ లుంగీ, తెల్ల బనీను వేసుకుని, భుజాన తువ్వాలుతో వచ్చాడు. బల్లమీద కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు. రెండుసార్లూ నేనే ఇచ్చాను. కనుక నీళ్ళు పోసినవాళ్ళు లేరనుకోవద్దు. రెండోసారి గ్లాసు తిరిగి ఇస్తూ, "కుండ నీళ్ళు బాగున్నయ్యి సాయిబూ, యాడ కొన్నావు ఈ కుండ" అన్నాడు. రెంటచింతలలో అని చెప్పాను.

"కోటమ్మకు కబురు పెట్టనా?" అని అడిగాను. "వద్దొద్దు. కోతకి పోయింది. పని ఇడిచిపెట్టి పరిగెత్తుకొచ్చుద్ది. వచ్చి నిన్నూ నన్నూ కలిపి తిట్టుద్ది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తరువాత, "పొద్దున అది పోయేటప్పుడు నేను మేలుకునే ఉన్నా. లేస్తే కాఫీ పెట్టి పోవాలని ఆగిపోద్ది. అందుకని కళ్ళు మూసుకుని పడుకున్నా" అన్నాడు. ఈ మాట నాకు బాగా గుర్తు. ఆయన నిద్రపోలేదమ్మా. నువ్వు అన్నం మీద మూతపెట్టడం, తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం గమనిస్తూనే ఉన్నాడు. "దొంగలాగ పిల్లి అడుగులేసుకుంటా పోతది" అన్నాడు.

పెరుగన్నం తినలేదన్నాడు. "తినలేదని చెప్పమాక, ఇంటికి పోయి తింటా" అన్నాడు.

గేదె ఈనే రోజులు లెక్కపెట్టుకున్నాడు. పెయ్య పుడితే ఉంచుకుంటామన్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "తగ్గింది" అన్నాడు. నిజంగా తగ్గిందో, నా మందుకు మర్యాదగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను ఆ మాట పట్టుకున్నాను.

లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. గేటు దాటాక మీ ఇల్లు కుడివైపు. ఆయన ఎడమవైపు తిరిగాడు. నువ్వు కోతకి వెళ్ళిన చేను అటే. కాలవ కల్వర్టు దాకా నడిచాడు. అక్కడ ఆగి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటు చూశాడు. చేలో చానామంది ఆడవాళ్ళు వంగి కోస్తున్నారు. అంత దూరం నుంచి నువ్వు కనపడ్డావో లేదో నాకు తెలియదు. తరువాత వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాడు.

పీర్ సాహెబ్